అడిగేదాకా ఇవ్వని నీళ్లు

సోమవారం పొద్దున పదిన్నర గంటలకు, కళ్యాణదుర్గంలో ఒక మిద్దె మీది గదిలో, నా కోడలు ఒక ఆడపిల్ల ముందు స్టీలు గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని కూర్చుంది. పిల్ల ఆ గ్లాసు వైపే చూస్తోంది. కోడలు ఇవ్వడం లేదు. నేను కిటికీ బయట బల్ల మీద కూర్చుని చూస్తున్నాను. మా సీమలో నీళ్లు చేతిలో ఉంచుకుని ఎదుటివాళ్లకు ఇవ్వకుండా కూర్చున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. పైగా ఆమె మా ఇంటి మనిషి. అది పరీక్ష. అందులో తప్పితే ఆమె ఉద్యోగం పోతుంది. ఆ గదిదాకా ఎలా వచ్చామో చెబుతాను.

నా కోడలు పనిచేసేది మాటలు రాని పిల్లలు, నలుగురిలో కలవని పిల్లలు వచ్చే ఒక సెంటర్‌లో. కొందరు పిలిస్తే తిరిగి చూడరు. కొందరు చేతులు ఆడిస్తూ ఒకే చోట తిరుగుతుంటారు. ఆటిజం అంటారట. పళ్లు తోముకోవడం, చెప్పులు వేసుకోవడం, కావలసింది అడగడం, ఇలాంటివి ముక్కలు ముక్కలుగా విడదీసి ఆ పిల్లలకు నేర్పడం ఆమె పని. ఇంటర్ చదివింది. మొదట అక్కడ ఊడ్చే పనికి చేరింది. పిల్లలు ఆమె దగ్గర నిలుస్తున్నారని చూసి నేర్పే పనిలో పెట్టారు. చేతిలో సర్టిఫికెట్ మాత్రం లేదు. ఈమధ్య ఆ సెంటర్‌ను బెంగళూరువాళ్లు తీసుకున్నారు. బిహేవియర్ టెక్నీషియన్ అనే పరీక్ష పాసైనవాళ్లనే ఉంచుతామన్నారు. పరీక్ష వచ్చే నెలాఖరుకు అనుకుని మా కోడలు నిదానంగా చదువుకుంటోంది.

గురువారం మేం చేన్లో వేరుశనగ చెట్లు పీకుతున్నాం. నేను, కోడలు, ఆ రోజు ఆటో తోలకుండా వచ్చిన నా కొడుకు, ముగ్గురమే. కూలివాళ్లు మరుసటి రోజుకు వస్తామన్నారు. ఆమె ఫోన్ మోగింది. మట్టి చేత్తోనే చెవి దగ్గర పెట్టుకుంది. విని, గట్టు మీద కూర్చుంది.

"అత్తా, పరీక్ష సోమవారమేనంట."

"ఏ సోమవారం?"

"ఈ సోమవారమే. పరీక్ష పెట్టే మేడం వచ్చే నెల యాడికో పోతాండాదంట. అందుకని ముందుకు జరిపినారంట."

"ఆయమ్మ యాడికి పోతే మనకేంది? మన చెనక్కాయ ఏం పాపం చేసింది? కూలోళ్లకు చెప్పినాం గదమ్మే."

నా కొడుకు నడుము నిలబెట్టి, "మా, ఊరికుండు. ఆయమ్మిని ఇంటికి పంపియ్. చేను నేను చూసుకుంటా" అన్నాడు.

"చేను చూసుకునేవాడివి ఆటో ఎందుకు కొనినావురా?"

"నీతో మాట్లాడలేక కొనినా. ఆటోలో కూచుంటే ఇంజను మోతకు నువ్వు వినపడవు."

కోడలు నవ్వలేదు. అందుకే ఆమె భయపడిందని నాకు తెలిసింది. మామూలుగా నన్ను ఎవరైనా ఒక మాట అంటే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే మనిషి ఆమె. బెళుగుప్ప వైపు గాలిమరల వెనక మబ్బు కమ్ముతోంది. పీకిన చెట్లు తడిస్తే కాయ నల్లబడుతుంది. అయినా "పో, పోయి చదువుకో" అన్నాను. ఉద్యోగం పోతే ఆమెకున్న దారి మాతోపాటు ఈ చేన్లో వంగడమే. ఈ చేను ముగ్గురిని సాకదు. అది నాకు బాగా తెలుసు.

పరీక్ష రెండు భాగాలు. ఒకటి పిల్లతో పని చేసి చూపించాలి. అందులో నిలిచినవాళ్లే మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబులు గుర్తు పెట్టాలి. కంప్యూటర్ సంగతి ఆమె ముందే చూసుకుంది. ఇంగ్లీషు మాటలను తెలుగు అక్షరాల్లో అట్టముక్కల మీద రాసి పెట్టుకుంది. ఆ సాయంత్రం చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే అవి నా చేతిలో పెట్టి, "నువ్వు చదువు అత్తా, నేను అర్థం చెప్తా" అంది.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. పొదుపు సంఘంలో వేలిముద్ర వేసేటప్పుడు నా వేలు పట్టుకుని ఇంకులో అద్దేవాళ్లు, గొర్రెకు ముద్ర వేసినట్టు. అది నాకు నచ్చక సాయంత్రం బడికి పోయాను. అక్కడ అక్షరాలు వచ్చాయి. ఒత్తులు మాత్రం కోడలు ఇంటికి వచ్చాక ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు పేపరు చదువుతాను, మెల్లగా. అక్షరం అక్షరం పెదాల మీద పెట్టుకుని, చివరికి వచ్చాక మొత్తం కలిపి అంటాను. రీ, ఇన్, ఫో, ర్స్, మెం, ట్. నోరు తిరగలేదు.

"ఇదేం మాటమ్మే, చెరుకు నమిలినట్టుండాది."

"రీఇన్‌ఫోర్స్‌మెంట్ అత్తా. పిల్ల మంచి పని చేసిన వెంటనే ఆ పిల్లకు ఇష్టమైంది ఇచ్చేది. అప్పుడు ఆ పని మళ్లా చేస్తాది."

"నాకెవరూ ఇయ్యలేదు. అయినా చేస్తానే ఉండా."

శుక్రవారం కూలివాళ్లతో పగలంతా చేన్లోనే గడిచింది. చీకటి పడే వేళకు ఇంటికి వస్తే కోడలు నడవాలో చాప పరిచి కూర్చుని ఉంది. పిల్లతో చేసే భాగాన్ని ఇంట్లో చేసి చూసుకోవాలి, ఎదురుగా ఒక పిల్ల కావాలి. ఇంట్లో చిన్నపిల్లలు లేరు. నన్ను కూర్చోమంది.

మొదట రంగురంగుల సీసా మూతలు పరిచి ఎర్రది చూపించమంది. చూపించాను. వెంటనే బెల్లం ముక్క నా ముందు పెట్టింది.

"వద్దులే తల్లీ, నువ్వు తిను" అన్నాను.

"అత్తా, నువ్విప్పుడు పిల్లవి. తీసుకోవాల."

"ఒకసారికే తీసుకుంటారా ఎవరైనా? రెండుసార్లు వద్దనాల, మూడోసారి తీసుకోవాల. మా అమ్మ అట్లే నేర్పింది."

"ఆ పిల్లకు మొగమాటం లేదు."

"అదృష్టవంతురాలు" అని బెల్లం నోట్లో వేసుకున్నాను.

తరువాతది నాకు ఇంకా విడ్డూరంగా ఉంది. పిల్ల ఊరికే అరిచినా, కాళ్లు తన్నుకున్నా, దెబ్బ తగలకుండా చూసుకుంటూనే ఆ అరుపును పట్టించుకోకూడదట. మొహం కూడా మార్చకూడదట. "అరువు అత్తా, గట్టిగా" అంది. అరిచాను. రోజూ అరుస్తూనే ఉంటాను కాబట్టి కష్టం కాలేదు. ఆమె గోడ వైపు చూస్తూ మూతలు సర్దుకుంటోంది. నా కొడుకు లోపల అన్నం తింటూ, "ఇది యాడ నేర్చుకున్నావు, నాకూ రొంత నేర్పు. ముప్పై ఏండ్ల నుంచి నాకు చేతనయితల్లేదు" అన్నాడు. అప్పుడు కోడలు నవ్వింది. నవ్వితే తప్పే, మళ్లీ మొదటి నుంచి చేయాలి. మళ్లీ అరిచాను.

చిక్కంతా నీళ్ల దగ్గర వచ్చింది. సోమవారం పరీక్షకు కూర్చోబెట్టే పిల్లకు ఎనిమిదేళ్లు. మాట లేదు. స్టీలు గ్లాసులో నీళ్లంటే ఆ పిల్లకు ప్రాణం. తాగుతుంది, అందులో వెలుగు కదిలేది చూస్తుంది. గ్లాసు బొమ్మ ఉన్న ఒక అట్టముక్క ఆ పిల్ల ముందు ఉంటుంది. నీళ్లు కావాలంటే ఆ బొమ్మ తీసి ఎదుటివాళ్ల చేతిలో పెట్టాలి. అదే ఆ పిల్ల అడగడం. అడిగిన మరుక్షణం నీళ్లు ఇవ్వాలి. అడిగేదాకా కొంతసేపు ఆగాలి. అంతే పని.

ఆ అంతే పని మా కోడలికి చేతకాలేదు. నేను చాప మీద కూర్చుని గ్లాసు వైపు చూస్తాను. అట్టముక్క ముట్టుకోకముందే ఆమె చెయ్యి ముందుకు వస్తుంది, గ్లాసు నా చేతిలో ఉంటుంది. మళ్లీ కూర్చుంటాం, మళ్లీ అంతే. సెంటర్‌లో పెద్ద మేడం కూడా ఇదే తప్పు చెబుతూ వచ్చిందట. పిల్ల చేయాల్సిన పని నువ్వు చేసేస్తున్నావు, నీకు ఆగడం రాదు అని.

ఆమె తప్పు కాదు. మా ఇండ్లలో మనిషి గడప దగ్గర నిలబడితే ముందు చెంబు వస్తుంది, మాట తరువాత వస్తుంది. అప్పులవాడు వచ్చినా, ఓట్లవాడు వచ్చినా అంతే. నీళ్లు అడిగించుకున్న ఇల్లు అని పేరు వస్తే ఆ ఇంటికి పిల్లను కూడా ఇవ్వరు. బోరు ఎండి, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకున్న ఎండాకాలంలో కూడా మా అమ్మ ఒక చెంబు పక్కన తీసి పెట్టేది, ఎవరైనా వస్తారని. కోడలు పుట్టింటివాళ్లదీ అదే పద్ధతి. ఆ చెయ్యి ఆమె చెప్పినట్టు వినడం లేదు.

నేను ఊరుకోలేదు. "ఇదేం చదువమ్మే? పసిపిల్లతో నీళ్లకు అడిగించుకునేది? నీ మేడానికి చెప్పు, మా ఊర్లో ఇట్ల చెయ్యరని" అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "అత్తా, ఆ పిల్లను దప్పికతో ఎవరూ ఎండబెట్టరు. కూచోబెట్టే ముందర కడుపునిండా తాగిస్తారు. ఇది అడగడం నేర్పేదానికి. పోయిన సంవత్సరం ఆ పిల్లను ఎవరిదో పెండ్లికి తీసకపోయినారంట. వాళ్లమ్మ వంటకాడ ఉండాది. పిల్లకు దప్పికైంది. ఎవరికి చెప్తాది? ఎవరికీ చెప్పలేదు. పోయి కుడితి తొట్టిలో మొగం పెట్టి తాగింది. అందరూ చూసి నవ్వినారంట. వాళ్లమ్మ నాకు చెప్పి ఏడ్చింది. ఇంట్లో వాళ్లమ్మ అడక్కుండానే ఇస్తాది. వాళ్లమ్మ లేనికాడ ఎవరిస్తారు?"

కుడితి తొట్టి అనగానే నేను గ్లాసు వైపు చూడలేకపోయాను.

శనివారం కూడా అదే పని. నిలబడి చేసింది, కూర్చుని చేసింది. చేయి చాప కింద పెట్టుకుని చేసింది. గ్లాసును కొడుకు చేతికి ఇచ్చి చూశాం, వాడు ఆమెకంటే ముందు ఇచ్చేశాడు. ఎంతసేపు ఆగాలమ్మే అని అడిగితే మనసులో లెక్కపెట్టుకోమన్నారంది. లెక్కపెడుతుంటే అంకెలు తొందరగా పరుగెత్తుతున్నాయట. నాకు విసుగొచ్చి, ఇంక నీ వల్ల కాదులే అన్నాను. ఆమె లేచి పెరట్లోకి పోయింది. ఏడ్చిందేమో, నేను వెళ్లి చూడలేదు.

ఆదివారం పొద్దున టీ తాగుతూ పేపరు చేతిలోకి తీసుకున్నాను. ఆమె పక్కనే కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. "వా, తా, వ" అన్నాను. ఆమె "వాతావరణం" అనేసింది. చాట లోంచి తల ఎత్తకుండానే.

ఇది కొత్త కాదు. నాకు ఒత్తులు నేర్పేటప్పుడు కూడా ఇంతే. నేను మొదటి అక్షరం మీద ఉండగానే మాట మొత్తం చెప్పేసేది. అలా ఒక ఏడాది నాకు చదువు రాలేదు. ఒకరోజు పలక నేలకేసి కొట్టి, నోరు మూసుకుని కూచోమన్నాను. అప్పటి నుంచి పక్కన కూర్చునేది కాదు, పొయ్యి దగ్గరికి పోయేది. నాకు చదువు వచ్చింది ఆమె పొయ్యి దగ్గర ఉన్నప్పుడే.

పేపరు దించాను. "ఏమ్మే, ఆ చాట పక్కన పెట్టు. ఈడ కూచో. నేను చదువుతా. నేను మాట ముగించేదాకా నువ్వు పలకకూడదు. పలికితే మళ్లా మొదటి నుంచి."

"ఎందుకత్తా, ఇప్పుడు టైము లేదు."

"కూచో అంటాండా."

కూర్చుంది. చదివాను. కావాలని మెల్లగా చదవలేదు, నా చదువే అంత. ఉ, ష్ణో, గ్ర, త, లు. ఆమె పెదాలు కదులుతున్నాయి, మాట గొంతు దాకా వచ్చి ఆగుతోంది. మొదట్లో రెండు మాటలకొకసారి జారేది. జారినప్పుడల్లా నేను వెనక్కి పోయేదాన్ని. తరువాత పెదాలు బిగించి కూర్చుంది. కొంతసేపటికి బిగించడం కూడా మానేసి నాతో పాటు లోపల్లోపల అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. నా వేగంతోనే. చివరి అక్షరం నేను అన్నాకే ఊపిరి వదిలేది.

పేపరు చివరి పేజీలో ఉన్నప్పుడు ఆమెకే తట్టింది. "అత్తా, నువ్వు ఒక మాట చదివేంతసేపు ఆగితే చాలు. మేడం చెప్పింది కూడా రొంచేపు అటూ ఇటూ అంతే."

గ్లాసు తెచ్చుకుంది. నేను చాప మీద పిల్లనై కూర్చున్నాను. ఆమె గ్లాసు పట్టుకుని లోపల ఏదో మాట నా మాదిరిగా కూడబలుక్కుంది. చెయ్యి ముందుకు రాలేదు. నేను అట్టముక్క తీసి చేతిలో పెట్టాను, నీళ్లు వచ్చాయి. మళ్లీ చేశాం. మధ్యలో నేనూ మొండికేశాను, అట్టముక్క విసిరేశాను. పిల్లలు విసిరేస్తారని ఆమె చెప్పింది కదా. కడుపు నీళ్లతో నిండిపోయి ఆ రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వచ్చింది. ఆ రాత్రే వాన కూడా కొట్టింది. కుప్ప మీద పట్ట కప్పినా గాలికి ఒక పక్క లేచిపోయి కాయ తడిసింది. నా కొడుకు పొద్దున పోయి చూసి వచ్చి ఆటో తీశాడు.

సోమవారం నేను పోవాల్సిన పని లేదు. పోయాను. చీర మార్చుకుని, చెంబు నిండా నీళ్లు తీసుకుని ఆటో ఎక్కాను. "మా, సెంటర్‌లో నీళ్లుంటాయి" అన్నాడు కొడుకు. వాళ్ల నీళ్లు వాళ్లవి, నా నీళ్లు నావి అన్నాను.

మిద్దె మీద ఇంకొక అమ్మాయి ఉంది. బెళుగుప్ప నుంచి వచ్చింది, ఆమెదీ ఇదే పరీక్ష. ముందు ఆమెను వేరే పిల్లతో కూర్చోబెట్టారు. బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. పరీక్ష పెట్టడానికి బెంగళూరు నుంచి వచ్చిన మేడం కళ్లద్దాలు సర్దుకుని నా కోడల్ని పిలిచింది. ఆమె పక్కన సెంటర్ పెద్ద మేడం కూర్చుంది. పిల్లను వాళ్ల అమ్మ తీసుకొచ్చింది. ఆమె భర్త బస్టాండు దగ్గర టైలరు. నల్ల బురఖా, చేతిలో ఇంకో స్టీలు గ్లాసు, ఎందుకైనా మంచిదని తెచ్చుకుందట. నా పక్కనే బల్ల మీద కూర్చుంది.

"అవ్వా, మీ కోడలా?"

"ఊ. నీ బిడ్డా?"

"అవునవ్వా. పొద్దున్నుంచి రెండు గ్లాసులు తాగించినా. అయినా నా పానం ఆగల్లే."

రంగులు చూపించే పని, చేతులు కడుక్కునే పని అయ్యాయి. అప్పుడు పదిన్నర. నా కోడలు గ్లాసు చేతిలోకి తీసుకుంది.

పిల్ల గ్లాసు అందుకోబోయింది. కోడలు గ్లాసు కదిలించలేదు, వెనక్కి లాగలేదు, ఇవ్వలేదు. పిల్ల మూలిగింది. బల్ల మీద చేత్తో కొట్టింది. నీళ్లు తొణికి కోడలి ఒళ్లో పడ్డాయి. కోడలి మొహం మారలేదు. పిల్ల అట్టముక్క తీసింది. చేతిలో పెడుతుందనుకున్నాను. కిందికి విసిరేసింది.

నా పక్కనున్న తల్లి లేచింది. నేనూ లేచాను. ఆమె చెయ్యి నేను పట్టుకున్నానో, నా చెయ్యి ఆమె పట్టుకుందో ఇప్పటికీ తెలియదు. నా చెంబులో నీళ్లు పైట మీద ఒలికాయి. కోడలు వంగి అట్టముక్క తీసి మళ్లీ పిల్ల ముందు పెట్టింది. మళ్లీ ఆగింది. కిటికీలోంచి ఆమె పెదాలు కనిపిస్తున్నాయి. క, ళ్యా, ణ, దు, ర్గం. నేను బస్సు బోర్డు చదివే తీరు అది. ఒక్కొక్క అక్షరం దగ్గర నేనెంత నిలబడతానో అంత నిలబడుతోంది.

ఆమె చివరి అక్షరానికి రాకముందే పిల్ల అట్టముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

నీళ్లు వెంటనే పిల్ల చేతిలో ఉన్నాయి. పిల్ల సగం తాగింది, మిగతా సగం బల్ల మీద పోసి అందులో వేలు తిప్పుతూ కూర్చుంది. మేడం ఏదో రాసుకుంది. పక్కనున్న తల్లి నా చెయ్యి వదిలి, తన గ్లాసును సంచిలో పెట్టేసుకుంది.

మధ్యాహ్నం కంప్యూటర్ పరీక్ష. సాయంత్రానికి చెప్పారు. నా కోడలు పాసైంది. బెళుగుప్ప అమ్మాయి కంప్యూటర్ దాకా రాలేకపోయింది, అయినా బస్సుకు పోకుండా సాయంత్రం దాకా ఉండి నా కోడలితో మాట్లాడి పోయింది. నా కోడలు కిందికి వచ్చి ఆటో దగ్గర నిలబడి, "అత్తా, ఉద్యోగం ఉండాది" అని మాత్రం చెప్పింది. నా కొడుకు, "అయితే రేపు తడిసిన కాయ ఎండబొయ్యాల, లీవు పెట్టు" అన్నాడు.

ఫలితం చెప్పకముందు ఒకటి జరిగింది. బెంగళూరు మేడం గదిలోంచి బయటికి వచ్చి నా బల్ల చివర కూర్చుంది. ఉక్కకు మొహం ఎర్రబడి ఉంది. నేను చెంబులో మిగిలిన నీళ్లు సెంటర్ గ్లాసులో పోసి ఆమె ముందు పెట్టాను. తాగి, గ్లాసు కింద పెట్టింది. మళ్లీ పోశాను, అడిగేదాకా ఆగలేదు. ఆమెకు అడగడం వచ్చు, నేర్పాల్సిన పని లేదు.

ఆ రోజు అక్కడ ఉన్నది నేను, నా కోడలు, కింద ఆటోలో నిద్రపోయిన నా కొడుకు, బెంగళూరు మేడం, సెంటర్ పెద్ద మేడం, బెళుగుప్ప అమ్మాయి, ఆమెతో పరీక్షకు కూర్చున్న పిల్ల, టైలరు భార్య, నీళ్లు అడిగిన ఆమె కూతురు.